పండగ కాని రోజున ఊరు వెళ్దాం

(హైదరాబాద్‌లో ఉంటున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్ళ కలయికలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు నమస్కారం.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ ఏడు మండలాల వాళ్ళూ ఇవాళ ఈ హాల్లో ఉన్నారు. అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్ పని చేస్తున్నవాళ్ళు ఉన్నారు, వెల్డర్లు, ఫిట్టర్లు ఉన్నారు, సాఫ్ట్‌వేర్ పిల్లలు ఉన్నారు. ఆదివారం కూడా సెలవు దొరకని ఉద్యోగాల్లో ఉండి, డ్యూటీ ఎవరికో అప్పజెప్పి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు ముందుగా నా నమస్కారం.

సంక్రాంతికి బస్సులు మాట్లాడుకునే విషయం కోసం మనం ఇక్కడ కలిశాం. ఆ లెక్కలు తర్వాత కమిటీ వాళ్ళు చెబుతారు. ఈలోగా ఊరి గురించి నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు నన్ను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సంక్రాంతికి వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. దాంతో పాటు ఏడాదిలో ఒక్కసారైనా పండగ లేని రోజుల్లో, పెళ్ళీ చావూ ఏమీ లేని మామూలు రోజుల్లో ఊరు వెళ్ళండి. వెళ్ళి నాలుగు రోజులు ఉండండి. ఎందుకు చెబుతున్నానో వివరంగా చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

సంక్రాంతి నాటి మన ఊరు మీకు తెలుసు. భోగి నాటికి ఇళ్ళకు సున్నం పడుతుంది. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లలో దిగేవాళ్ళతో ఆటోలు దొరకవు. ముంబై నుంచి, చెన్నై నుంచి, గల్ఫ్ నుంచి కూడా మనవాళ్ళు దిగుతారు. మైకులు, ముగ్గులు, కొత్త బట్టలు. మంచం మీద ఉన్న మనిషిని కూడా ఆ రోజు లేపి, స్నానం చేయించి, కొత్త పంచె కట్టి అరుగు మీద కూర్చోబెడతారు. మనం వెళ్ళి దణ్ణం పెడతాం, ఆయన ‘బాగున్నాను బాబూ’ అంటాడు, మనం పక్కింటికి వెళ్తాం. మూడు రోజుల్లో నలభై ఇళ్ళు తిరగాలి కదా, ఎవరి దగ్గరా పది నిమిషాలకు మించి కూర్చోలేం. కనుమ మర్నాటికి సంచులు సర్దుకుంటాం. ఆ మూడు రోజులూ ఊరు మన కోసం తయారై ఉంటుంది. మనం తిరిగి రైలెక్కాక మిగిలిన మూడు వందల అరవై రోజుల ఊరు వేరు.

మామూలు రోజున వెళ్తే ముందు జరిగేది ఏమిటంటే, అందరూ కంగారు పడతారు. నేను మొన్న ఆషాఢంలో వెళ్ళాను. వీధి మొదట్లో ఆటో దిగగానే మా అత్త చూసింది. చేతిలో బిందె అక్కడే దించేసి, ‘ఏటయినాది? ఎవరికి బాగోనేదు?’ అని పరుగెత్తుకొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఉత్తినే వచ్చాను అంటే నమ్మలేదు. ఉద్యోగం ఏమైనా పోయిందా అని మా అమ్మను చాటుగా అడిగింది. రెండో రోజు కూడా అడిగింది. మూడో రోజుకి నమ్మింది. ‘ఉత్తినే మమ్మల్ని సూడ్డానికే వచ్చినావా’ అని చాప తెచ్చి వేసి, అప్పుడు మొదలుపెట్టింది మాట్లాడ్డం. చిన్నకొడుకు ఫోన్ చెయ్యకపోవడం దగ్గర్నుంచి, కాలి వాపు దగ్గర్నుంచి, మావయ్య చేసిన అప్పు దాకా, పండగ పూట నోరెత్తని సంగతులన్నీ వచ్చాయి. పండగ రోజున ఏడిస్తే అశుభం అనుకునే ఇళ్ళు మనవి. వాళ్ళు మనతో చెప్పుకోవాలంటే పండగ కాని రోజు ఒకటి మనం ఇవ్వాలి.

రోజూ వీడియో కాల్ చేస్తున్నాం కదా అని మీరు అనొచ్చు. మా అమ్మ కూడా రోజూ చేస్తుంది. ఎప్పుడు చేసినా ముందు గదిలో క్యాలెండర్ ఉన్న గోడకు ఆనుకునే కూర్చుంటుంది. వెనక వంటింటి పైన పెంకులు జారిపోయి, పొయ్యి దగ్గర వాన కారుతోందని, పొయ్యిని ఈ మూలకూ ఆ మూలకూ జరుపుకుంటూ వండుతోందని నేను వెళ్ళి చూసిన దాకా తెలియలేదు. చెప్తే నేను టెన్షన్ పడతానని చెప్పలేదట. ఫోన్‌లో మన అమ్మలు మనకు ఏది చూపించాలనుకుంటే అదే కనపడుతుంది.

ఇంకో సంగతి. మామూలు రోజున మన ఊళ్ళో నడిస్తే మనకు ఎదురయ్యేది ఎక్కువగా ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బడి పిల్లలు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మంది మగవాళ్ళకు 1015 మంది ఆడవాళ్ళు ఉన్నట్టు తేలింది. పని కోసం మగవాళ్ళు వలస పోవడం ఇందులో ఒక కారణం. మనమే ఆ లెక్క. మనం ఇక్కడ ఉన్నాం కాబట్టి అక్కడ ఆ లెక్క అలా వచ్చింది. మన పొలం పన్ను, మన నాన్న మందులు, మన పిల్లల టీసీలు, మన రేషన్ కార్డు వేలిముద్ర, అన్నీ అక్కడున్న ఒక ఆడమనిషి చూసుకుంటోంది. పండగ మూడు రోజులూ ఆవిడ వంటింట్లో ఉంటుంది, మనం అరుగు మీద ఉంటాం. ఆవిడతో కూర్చుని మాట్లాడ్డానికి కుదరదు.

ఇప్పుడు మా బావ గురించి చెబుతాను. మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. బీలలో, అంటే సోంపేట దగ్గరి చిత్తడి నేలల నీళ్ళలో, ఈత నేర్పింది ఆయనే, మామిడికాయ దొంగతనానికి తీసుకెళ్ళిందీ ఆయనే. కిడ్నీ జబ్బు వచ్చింది. డయాలసిస్ మీద ఉన్నాడు. ఈ హాల్లో ఇంట్లోనో, ఇంటి పక్కనో కిడ్నీ రోగి లేనివాళ్ళు చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు అనుమానమే.

సంక్రాంతి నాడు ఆయన ఇంటికి వెళ్తే తెల్ల చొక్కా వేసుకుని నవ్వుతూ ఎదురొస్తాడు. పొడుగు చేతుల చొక్కా. మామూలు రోజున వెళ్తే బనీనుతో ఉన్నాడు, అప్పుడు చూశాను ఎడమ చెయ్యి. మోచేతి దగ్గర ఫిస్టులా కోసం, అంటే డయాలసిస్ సూది పెట్టడానికి రెండు రక్తనాళాలను కలపడం కోసం, ఆపరేషన్ చేసిన చోట నరం వేలంత లావుగా ఉబ్బి ఉంది. దాని మీద సూది గుచ్చిన మచ్చలు వరసగా ఉన్నాయి. చెయ్యి వేసి చూడమన్నాడు. లోపల రక్తం జుమ్మని పారుతున్నట్టు వేళ్ళకు తెలుస్తుంది. ‘ఇది ఆగకుండా ఉన్నంత కాలం నాకు ఫర్వానేదు’ అన్నాడు.

నన్ను చూడగానే పెరట్లోంచి బొండం కొట్టించి తెచ్చి చేతికిచ్చాడు. ఆయన తాగలేదు. ఆయన తాగకూడదు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, పని చెయ్యని కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు, అది గుండె మీదకు వస్తుంది. పనసకాయ కూడా డాక్టర్లు వద్దంటారు. మంచినీళ్ళు కూడా కొలతే, రోజుకు ఇన్ని గ్లాసులని. ఇంటి చుట్టూ కొబ్బరి తోట, దొడ్లో పనస చెట్టు, మధ్యలో ఆ మనిషి దాహానికి నాలుక తడుపుకుంటూ కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకు మాత్రం బొండం కొట్టి ఇస్తాడు. ఉద్దానం మనిషి కదా, ఇంటికొచ్చినవాడిని ఖాళీ చేత్తో పంపడు. ఆ బొండం నేను ఎలా తాగానో నాకే తెలుసు. తాగకపోతే ఆయన బాధపడతాడు.

మర్నాడు ఆయనకు డయాలసిస్. నేనూ వెంట వెళ్ళాను. ఒక్క ఆటోలో నలుగురు రోగులు, ఒక్కొక్కరికి ఒక తోడు. తెల్లవారకుండానే బయలుదేరారు, ముందు వెళ్తే ముందు మిషన్ దొరుకుతుందని. మిషన్ మీద నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ పక్కన కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య అంత సేపు మాటలు జరగడం చిన్నప్పటి తర్వాత అదే. ముందు ఒక గంట బడి సంగతులు, మాస్టర్లు, బీల, చేపలు. తర్వాత చెప్పాడు, కూతురికి ఇంజనీరింగ్ సీటు వచ్చిందని, పంపాలా వద్దా అని. తను లేకపోతే ఫీజు ఎవరు కడతారన్నది ఆయన అసలు బెంగ. ఈ మాట పండగ నాడు నాతో అంటాడా? అనడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఏ కాగితాలు కావాలో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ సాయంత్రం మేమిద్దరం కూర్చుని సరిచేశాం. అమ్మాయి చదువుతోంది.

మన ఉద్దానాన్ని పట్టుకున్న ఈ కిడ్నీ జబ్బు గురించి మీకు తెలిసిందే అయినా చెప్పాల్సింది కొంత ఉంది. దీనికి కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళు అన్నారు, పురుగుమందుల పిచికారీ అన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పని చెయ్యడం అన్నారు. శ్రీలంకలో, మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో కూడా పొలం పని చేసేవాళ్ళకే ఇలాంటి జబ్బు వస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అదే రోజున హిరమండలం రిజర్వాయర్ నుంచి, అంటే వంశధార నీటిని, సుమారు 700 కోట్ల ఖర్చుతో మన ఏడు మండలాలకూ పైపుల్లో తెచ్చే పథకాన్ని కూడా మొదలుపెట్టారు. డయాలసిస్ వాళ్ళకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఇవన్నీ పోరాడితే వచ్చాయి, మంచిదే. మనం చెయ్యగలిగింది వేరే ఉంది. ఈ జబ్బు చాలామందికి షుగరూ బీపీ లేకుండానే వస్తుంది, ముదిరేదాకా నొప్పి కూడా ఉండదు. కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే క్రియాటినిన్ అనే రక్త పరీక్ష చేయిస్తే గానీ బయటపడదు. మీరు ఊరు వెళ్ళిన మామూలు రోజున మీ అమ్మనీ, నాన్ననీ, అన్ననీ ఆటో ఎక్కించి ఆ పరీక్ష చేయించండి. పండగలో ఎవరూ రక్తం ఇవ్వడానికి రారు, ల్యాబులు కూడా మూసి ఉంటాయి. మీరు కూడా చేయించుకోండి. పాతికేళ్ళ దాకా ఆ నీళ్ళే తాగి పెరిగాం మనమూ.

మా అప్ప సంగతి కూడా చెప్పాలి. పెదనాన్న కూతురు. కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. సంక్రాంతికి చేతులకు గోరింటాకు పెట్టుకుని ఉంటుంది, అందుకని ఇన్నేళ్ళూ నేను గమనించలేదు. మామూలు రోజున చూస్తే వేళ్ళ చివర్లు నల్లగా మాడినట్టు ఉన్నాయి. జీడి పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు బూడిదో, ఆముదమో రాసుకుని కొడతారు, అయినా దిగుతుంది. కత్తి మీద పిక్క పెట్టి, కాలితో ఒక తొక్కు, పెంకు రెండుగా విడిపోతుంది, లోపలి పప్పు విరగకుండా తియ్యాలి. విరిగితే ధర పడిపోతుంది. కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి చెయ్యి ఆగకూడదు. మనం ఇక్కడ స్వీట్ల మీద అద్దుకుని తినే పలాస జీడిపప్పు అంతా ఆ వేళ్ళ మీదుగానే వస్తుంది. పక్కన పీట మీద కూర్చుని నేను ఒక పిక్క కొట్టబోతే చేతిలోంచి లాక్కుంది. ‘నీ చేతులు కంప్యూటరు మీద పెట్టుకోవాలి, కాల్చుకోకు’ అంది.

తోటల విషయానికి వస్తాను. మన మీద మూడు అక్టోబర్లు పడ్డాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, అది విశాఖను ఎక్కువ దెబ్బ కొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, మన నెత్తినే తీరం దాటింది. ఆ రోజు మీరంతా ఫోన్లు చేస్తూ కూర్చున్న సంగతి నాకు తెలుసు. టవర్లు పడిపోయాయి, ఎవరికీ కలవలేదు. మన తాతలు నాటిన కొబ్బరి చెట్లు ఒక్క పూటలో మొదలంటా పడిపోయాయి. జీడి తోటలూ అంతే.

అప్పుడు మనం చందాలు వేసుకుని బియ్యం, దుప్పట్లు, కొవ్వొత్తులు పంపించాం. మంచి పనే చేశాం. ఆ తర్వాత ఏం జరిగిందో మాత్రం మనం చూడలేదు. పడిపోయిన మాను కొట్టించి బయటకు తీయించడానికే కూలి డబ్బులు చాలక చాలామంది ఏడాది పాటు తోట వైపు వెళ్ళలేదు. నా చిన్ననాటి స్నేహితుడు ఒకడు వెళ్ళాడు. దుంగలు తీయించి మొక్కలు పెట్టాడు. కొబ్బరి మొక్క పెడితే మన నాటు రకం ఆరేడేళ్ళకు గానీ కాపుకు రాదు. ఆ ఆరేడేళ్ళూ ఇంట్లో తిండికి ఏం చేశాడు? వేరేవాళ్ళ తోటల్లో కాయలు దింపాడు, రోడ్డు పనికి వెళ్ళాడు, భార్య డ్వాక్రాలో అప్పు తెచ్చింది. హైదరాబాద్ రమ్మని నేనే పిలిచాను, ఇక్కడ వాచ్‌మన్ పని చూశాను కూడా. రాలేదు. మొక్కలకు నీళ్ళెవరు పోస్తారన్నాడు. మొన్న నన్ను తోటకు తీసుకెళ్ళి మొదటి గెల చూపించాడు. ఇంకా పిందెలే, పిడికిలంత ఉన్నాయి. ఒక్కో పిందెనూ తడిమి, ఇది నిలుస్తుంది, ఇది రాలిపోతుంది అని చెబుతున్నాడు. మధ్యాహ్నం మొదలుపెడితే చీకటి పడేదాకా చెట్టు చెట్టుకూ తిప్పాడు. ఆ తిరుగుడుకు పండగలో తీరిక ఎక్కడిది?

పండగకు వెళ్తే అసలు కనపడని స్నేహితులు కూడా ఉన్నారు. తీరం పల్లెల వాళ్ళు. నాతో బడిలో చదివిన మత్స్యకార కుర్రాళ్ళు గుజరాత్‌లో వేరావల్ వెళ్ళి బోట్ల మీద పని చేస్తారు. సంక్రాంతికి వాళ్ళు సముద్రంలో ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయి కరాచీ జైల్లో పెట్టారు. వాళ్ళలో ఇరవై మంది 2020 జనవరిలో గానీ వాగా సరిహద్దు దాటి రాలేదు. ఆ ఇళ్ళల్లో ఒక సంక్రాంతి ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి. వాళ్ళను కలవాలంటే జూన్, జూలైలలో వెళ్ళాలి. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా వేట నిషేధం కాబట్టి ఇళ్ళల్లో ఉంటారు. ఇసకలో పాక నీడన వలలు బాగు చేసుకుంటూ కూర్చుంటారు. నేను వెళ్ళి బారువ తీరంలో ఒక పూటంతా వాళ్ళతో గడిపాను. ఏ తరగతిలో ఎవడు ఏ బెంచీ మీద కూర్చున్నాడో నేను మర్చిపోయాను, వాళ్ళు మర్చిపోలేదు.

జూలైలో వెళ్తే 14వ తేదీ కలిసొచ్చేలా చూసుకోండి. 2010 జూలై 14న సోంపేట బీల కోసం, థర్మల్ ప్లాంటు వద్దని నిలబడ్డవాళ్ళ మీద కాల్పులు జరిగాయి, మనవాళ్ళు చనిపోయారు. ప్లాంటు రాలేదు. బీల ఉంది. మనం ఈత కొట్టిన నీళ్ళు, మన గేదెలు పడుకున్న నీళ్ళు ఇంకా అక్కడ ఉన్నాయంటే ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు నిలబెట్టారు కాబట్టే. ఆ రోజున వాళ్ళ పక్కన వెళ్ళి నిలబడడం మన బాధ్యత అని నా నమ్మకం.

మీ కష్టాలు నాకు తెలియనివి కావు. పండగకు సెలవిచ్చే యజమాని ఆషాఢంలో ఇవ్వడు. వాచ్‌మన్ పని చేసే తమ్ముళ్ళు గేటు వదిలి వెళ్తే ఉద్యోగం పోతుందని భయపడతారు, ఆ భయం నిజమైనదే. రెండు సార్లు రైలు ఖర్చు అంటే మామూలు మాట కాదు. అందుకని కమిటీ ముందు రెండు విషయాలు పెడుతున్నాను. ఒకటి, పక్కపక్క కాలనీల్లో పని చేసే మనవాళ్ళు ఒకరి డ్యూటీ ఒకరు చూసుకునేలా జాబితా రాసుకుందాం. ఒకడు ఊరు వెళ్తే వాడి గేటు దగ్గర మనవాడే ఉండాలి. యజమానులతో మాట్లాడ్డానికి నేను వస్తాను. రెండోది, సంక్రాంతి బస్సు చందాలో మిగిలే డబ్బును ఈసారి భోజనాలకు ఖర్చు పెట్టకుండా, మామూలు రోజుల్లో ఊరు వెళ్ళలేని వాళ్ళ రైలు టికెట్లకు వాడదాం. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్ ముందుగా తీస్తే మోయలేనంత ఖర్చేం కాదు.

వెళ్ళేటప్పుడు పెద్ద పెద్ద సంచులు మోసుకెళ్ళకండి. డయాలసిస్ మనిషికి స్వీట్లు, పళ్ళు పట్టుకెళ్ళేముందు ఇంట్లోవాళ్ళను అడగండి, ఏది తినొచ్చో వాళ్ళకు తెలుసు. ఆధార్, పింఛను, ఆసుపత్రి కాగితాలు ఒకసారి చూస్తామని మీరే అడగండి, వాళ్ళంతట వాళ్ళు అడగరు. పిల్లల్ని తీసుకెళ్ళండి. మన పిల్లలకు సంక్రాంతి ఊరు తప్ప వేరే ఊరు తెలియదు, మైకుల ఊరే ఊరనుకుంటున్నారు.

తలుపు దగ్గర బల్ల మీద ఒక పుస్తకం పెట్టించాను. వచ్చే జూన్ నుంచి ఆగస్టు లోపు ఎవరు ఏ వారం వెళ్ళగలరో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయండి. ఒకే ఊరివాళ్ళు వేరు వేరు వారాల్లో రాస్తే మరీ మంచిది, ఊళ్ళో ఎప్పుడూ ఒకరుంటారు. డ్యూటీ చూడ్డానికి మనిషి కావాల్సినవాళ్ళు పక్క పేజీలో రాయండి, ఆ పేజీ నేను ఇంటికి తీసుకెళ్తాను. మొదటి పేరు నేను రాశాను, రెండోది మా తమ్ముడిది. ఇక బస్సుల లెక్కలు కమిటీ వాళ్ళు చెబుతారు. సెలవు.